మూసి ఉన్న వాల్వు

నన్ను అందరూ అనుమానం మనిషి అంటారు. మా ఇంట్లో వాళ్ళూ అంటారు, నాతో పనిచేసిన వాళ్ళూ అనేవారు. నేను కాదనను. ముప్పై ఏళ్ళు పైపులూ వాల్వులూ పంపులతో బతికినవాడికి అనుమానం లేకపోతే ఆ మనిషి పని చేయలేదని అర్థం.

కరీంనగర్‌లో ఏసీ పని, ప్లంబింగ్ నేర్పే ఒక చోటికి నెలకోసారి పిలుస్తారు. పోయి మాట్లాడి వస్తాను. పిల్లలు అడిగేవి ఎప్పుడూ రెండే. వీసా ఎట్లా దొరుకుతుంది, ఏ దేశం మంచిది. పని ఎట్లా ఉంటుందని అడిగినవాడు ఇంతవరకు ఒక్కడు లేడు. అడగకపోయినా ఇక్కడ రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు. నా మాట వల్ల ఒక మనిషికి మచ్చ వచ్చింది. దాని గురించి రాయాలి. అది అర్థం కావాలంటే ముందు మా పని ఏమిటో తెలియాలి.

నా పేరు ఓదెలు. మాది బెల్లంపల్లి. మా బాపు బొగ్గు బాయిలో దిగినవాడు. నేను ఐటిఐలో ఫిట్టర్ చదివి, కొన్నాళ్ళు బాయి మీద నీళ్ళు తోడే పంపుల దగ్గర కాంట్రాక్టు పని చేసి, ఆ తర్వాత గల్ఫ్ పోయాను. అక్కడ చివరి పదకొండేళ్ళు ఒక విమానాశ్రయంలో ఉన్నాను. ఊరి పేరు చెప్పను. టెర్మినల్ పాతబడింది. ఏసీకి చల్లటి నీళ్ళు మోసే పైపులు, పెద్ద యంత్రాలు, బాత్రూముల లైన్లు అన్నీ మార్చాలి. మార్చేటప్పుడు టెర్మినల్ ఒక్క రోజు కూడా మూతపడకూడదు.

కింద జనం, పైన మనం

కొత్త బిల్డింగులో పైపు వేయడం ఎవరైనా చేస్తారు. నడుస్తున్న బిల్డింగులో పని వేరు. కింద జనం సంచులు తలకింద పెట్టుకుని పడుకుని ఉంటారు. వాళ్ళ నెత్తి మీద సీలింగు పలకల పైన మనం పాకుతుంటాం. చేతిలోంచి ఒక్క నట్టు జారితే ఎవడి తల మీద పడుతుందో తెలియదు. అందుకే మా వాళ్ళు నట్లు తిప్పే పానాలు కూడా తాడుతో మణికట్టుకు కట్టుకునేవాళ్ళు.

ఆ దేశంలో విమానాల రద్దీ అంతా రాత్రిపూటే. మిట్టమధ్యాహ్నం టెర్మినల్ కాస్త పలచబడుతుంది. మాకు దొరికేది ఆ మూడు గంటలు. ఆ మూడు గంటల్లో నీళ్ళు ఆపాలి, పాత పైపు కోయాలి, కొత్తది కలపాలి, మళ్ళీ నీళ్ళు వదలాలి. ఆలస్యమైతే హాలు వేడెక్కుతుంది. బయట ఎండ ఎట్లా ఉంటుందో గల్ఫ్ పోయినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

డ్రాయింగులను నమ్మవద్దు. ఆ టెర్మినల్‌ను మూడుసార్లు పెంచారు. ప్రతి కాంట్రాక్టరూ తాను చేయాలనుకున్నది గీశాడు, చేసింది గీయలేదు. ఖాళీ లైను అని గీసి ఉన్న పైపును మొదటి సంవత్సరంలోనే కోసి నిలువునా తడిశాను. ఆ తర్వాత పైపును చేత్తో తడుముతూ మొదలు నుంచి చివరిదాకా పోకుండా రంపం పెట్టలేదు.

ఇంకొకటి చెప్తాను. నమాజుకు ముందు కాళ్ళు కడుక్కునే చోట నీళ్ళు కాలుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. అందరూ హీటరు మీద పడ్డారు. రెండుసార్లు విప్పారు, ఒకసారి మార్చారు. నీళ్ళు కాలుతూనే ఉన్నాయి. నేను పోయి హీటరు మీద చెయ్యి పెడితే అది చల్లగా ఉంది. తప్పు చల్లనీళ్ళ పైపుది. మిద్దె మీద కొంత దూరం దానికి పైతొడుగు లేదు, ఎండకు కాగుతోంది. మా క్యాంపులో ఎండాకాలం కుళాయి నీళ్ళు కాలేవి కాబట్టి గీజరు బంద్ చేసి, నీడలో చల్లారిన గీజరు నీళ్ళనే చల్లనీళ్ళుగా పోసుకునేవాళ్ళం. ఆ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. అయినా హీటరు అనే పేరు ఉంది కాబట్టి నేరం దాని మీదకే పోయింది.

నజీర్ సాబ్

మా ఇంజనీరు నజీర్ సాబ్. హైదరాబాద్ మనిషి. నేను చూసిన పై అధికారుల్లో సగం మందికి పైపు ఎట్లా ఉంటుందో కూడా తెలియదు. ఈయన అట్లా కాదు. పొద్దున్నే చొక్కా చేతులు మడిచి సీలింగులోకి ఎక్కేవాడు.

'అయిపోయింది సార్' అనే మాట ఆయన దగ్గర చెల్లేది కాదు.

"అయిపోయిందని ఎవరు చెప్పిండ్రు? కండ్లతోటి చూసినవా?" అనేవాడు.

చూశాను అంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. చూడకుండా చూశానన్నవాడు ఆయన దగ్గర నిలవలేదు. నేను ఏదీ చూడకుండా చెప్పనని ఆయనకు గట్టి నమ్మకం. నన్ను ఫోర్‌మన్‌ను చేసింది కూడా అందుకే.

ఒకే మేకుకు అందరి చాబీలు

వాల్వు మూసి పని చేసేటప్పుడు ఒక నియమం ఉంది. మూసిన వాల్వు పిడికి, ఆ లైను మీద పని చేసే ప్రతి మనిషీ తన సొంత తాళం వేయాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. అందరూ పని ముగించి, ఎవరి తాళం వాళ్ళు తీస్తేనే పిడి కదులుతుంది. నేను పైన పైపు కోస్తుంటే కింద ఎవడో వచ్చి నీళ్ళు వదలకుండా ఇది కాపాడుతుంది.

నియమం మంచిదే. మా దిక్కు మనుషులకే అది సరిపడలేదు.

మా క్యాంపు గదిలో ఆరుగురం. అందరం కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కువాళ్ళం. గదిలో ఎవరి పెట్టె వాళ్ళకుంది, ప్రతి పెట్టెకూ తాళం ఉంది. కానీ తాళంచెవులన్నీ తలుపు వెనక ఒకే మేకుకు వేలాడేవి. చెవి జేబులో పెట్టుకుని తిరిగితే పక్కవాణ్ణి దొంగ అన్నట్టే లెక్క. వచ్చిన కొత్తలో నేను నా చెవి మొలతాడుకు కట్టుకున్నాను. నెల రోజులు గదిలో ఎవరూ నాతో కూర కలుపుకోలేదు.

"మనోళ్ళ మీదనా అన్నా తాళం?" అన్నాడు లచ్చయ్య. జగిత్యాల దిక్కు మనిషి, మాలో మంచి వెల్డరు.

ఆ అలవాటే పని మీదికీ వచ్చింది. వాల్వుల గది నేలమాళిగలో ఉంటుంది, పైనుంచి పావుగంట నడక. అన్ని తాళంచెవులూ ఒకే గుత్తికి వేసి, కింద కాపలా ఉండే మనిషికి ఇచ్చేవాళ్ళు. ఆ మనిషి పోశెట్టి. నిర్మల్ దగ్గరి పల్లె. తక్కువ మాట్లాడతాడు, చెప్పిన చోటు నుంచి కదలడు.

ఫోర్‌మన్‌గా నేను ఆ గుత్తిని విప్పించాలి. విప్పించలేదు. పైగా నా చెవి కూడా దానికే వేశాను. అనుమానం మనిషి అన్న పేరు పోగొట్టుకుందామనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను నియమం తప్పి మనిషిని నమ్మింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ మధ్యాహ్నం

బయలుదేరే ప్రయాణికులు కూర్చునే హాలు పైన పెద్ద పైపు మార్చాలి. ఆ లైనుకు ఉన్నది పలక వాల్వు. అంటే పైపు లోపల గుండ్రటి ఇనుప పలక, బయట పిడి. పిడి తిప్పితే లోపల పలక అడ్డంగా నిలబడి నీళ్ళను ఆపుతుంది.

పోశెట్టి పిడి తిప్పి మూశాడు. మూడు తాళాలు పడ్డాయి. ఒకటి నాది, ఒకటి లచ్చయ్యది, ఒకటి పోశెట్టిది. పైపులో మిగిలిన నీళ్ళు వదిలేశాం. కాసేపు చూశాం, చుక్క ఆగింది. నేను స్వయంగా చూశాను. లచ్చయ్య నిచ్చెన ఎక్కి కోయడం మొదలుపెట్టాడు. నేను కింద నిలబడ్డాను.

గంట గడిచింది. ఉన్నట్టుండి కోసిన మూతిలోంచి నీళ్ళు ఎగజిమ్మాయి. లచ్చయ్యను నిచ్చెన మీదినుంచి విసిరికొట్టాయి. సీలింగు పలకలు ఊడి కుర్చీల మీద పడ్డాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని లేచి పరుగెత్తారు. వాళ్ళలో ఎవరికీ దెబ్బ తగలలేదు. లచ్చయ్య మణికట్టు విరిగింది. పంపులు ఆపమని ఫోనులో అరుస్తూ నేను నేలమాళిగకు ఉరికాను.

అక్కడ పోశెట్టి రెండు చేతులతో పిడి పట్టుకుని ఉన్నాడు. మూడు తాళాలు నేల మీద ఉన్నాయి.

"ఎందుకు ఇప్పినవురా?" అన్నాను.

"నేను ఇప్పలే అన్నా. బందే ఉండె. పైన నీళ్ళొచ్చినయని ఫోన్ల లొల్లి ఇనపడ్డది. ఇంకింత బిగ్గ తిప్పుదామని గిప్పుడే తాళాలు తీసిన."

"బంద్ ఉంటే నీళ్ళు ఎక్కడికెళ్ళి వచ్చినయి?"

"నాకేమెరుక అన్నా. పిడి జూడు, బందే ఉన్నది."

చూశాను. పిడి మూసిన వైపే ఉంది. అయినా నా బుర్ర ఎట్లా పోయిందంటే, నా అడుగుల చప్పుడు విని మళ్ళీ మూసి ఉంటాడనుకున్నాను. ఏ పైపునైనా తడమకుండా నమ్మనివాణ్ణి, ఆ వాల్వును మాత్రం అనుమానించలేదు. పక్కన మనిషి ఉన్నాడు కదా, అనుమానం మనిషి మీదికే పోయింది.

నేను చెప్పిన మాట

మరుసటి రోజు విచారణ. నజీర్ సాబ్, సేఫ్టీ ఆఫీసరు, ఇంకొకాయన ఉన్నారు. నన్ను, పోశెట్టిని ఒకేసారి పిలిచారు. లచ్చయ్య ఆసుపత్రిలో ఉన్నాడు.

సేఫ్టీ ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న నా తాళం గురించే. నీ తాళం ఎవరు తీశారు అన్నాడు.

నా చెవి గుత్తికి ఉందని చెప్తే మరుసటి విమానంలో నన్ను ఇంటికి పంపుతారు. ఫోర్‌మన్ నియమం తప్పితే క్షమించరు. నాకు భయమేసింది. దీనికి వేరే పేరు పెట్టను. నా భాగం పని అయిపోతే అరగంట ముందే నేనే తీసుకున్నానని చెప్పాను.

మరి లచ్చయ్య తాళం అన్నాడు. లచ్చయ్య సంచిలోంచి పోశెట్టే ఆ తాళంచెవి తీసుకుని ఉంటాడన్నాను.

నజీర్ సాబ్ నా వైపు తిరిగి, "పోశెట్టి వాల్వు ఇప్పుతుంటే నువ్వు చూసినవా?" అని అడిగాడు.

"చూసిన సాబ్" అన్నాను.

నేను చూసింది పిడి మీద చేతుల్ని. అవి తెరుస్తున్న చేతులా, మూస్తున్న చేతులా నాకు తెలియదు.

నజీర్ సాబ్ ఆ ఇద్దరితో ఒకటే మాట అన్నాడు. "ఓదెలు ఎవర్నీ నమ్మడు, దేన్నీ నమ్మడు. ఆయన చూసిన అన్నడంటే ఇంక అడిగేది లేదు." నా అనుమానమే నా అబద్ధానికి సాక్షి అయింది.

పోశెట్టి నా మొహం చూశాడు. గుత్తి సంగతి చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. నేను ఇప్పలే అని మాత్రం రెండుసార్లు అని ఊరుకున్నాడు. నాలుగో రోజు పోశెట్టిని పంపేశారు. ఆయన మా గదిలో మేకు నుంచి తన పెట్టె చెవి తీసుకునేటప్పుడు నేను స్నానానికి పోయినట్టు నటించి బయటే ఉన్నాను.

వాల్వు లోపల

మూడు వారాల తర్వాత ఆ పాత లైను మొత్తం విప్పేశాం. ఆ వాల్వును నేనే విప్పాను. పలకను కడ్డీకి పట్టి ఉంచే పిన్నులు రెండూ తెగిపోయి ఉన్నాయి. పిడి తిప్పితే కడ్డీ తిరుగుతోంది, పలక తిరగడం లేదు. ఆ రోజు పిడి మూసినప్పుడు పలక ఎట్లాగో అడ్డంగా చిక్కుకుని గంటసేపు నిలిచింది. పంపులు నడిపే కంట్రోల్ రూమ్ వాళ్ళు రెండో పంపు వేయగానే ఒత్తిడి పెరిగి తెరుచుకుంది. మేం తాళాలు వేసింది పిడికి. పలకకు ఏ తాళమూ లేదు.

నజీర్ సాబ్ గది అక్కడికి రెండు నిమిషాల నడక. పోతే వాల్వు చూపించాలి. చూపిస్తే విచారణ మళ్ళీ మొదలవుతుంది. మొదటి ప్రశ్న మళ్ళీ నా తాళమే. వాల్వును తీసుకుపోయి పాత ఇనుములో నా చేతులతో పడేశాను. ఆ తర్వాత ఆరేళ్ళు అక్కడే పని చేశాను. మంచి ఫోర్‌మన్ అన్న పేరుతో రిటైరయ్యాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. ఒక్క వాల్వును నమ్మి పైపు కోయకండి. రెండు వాల్వులు మూయండి. వాటి మధ్యలో నీళ్ళు పోయే డ్రెయిన్ తెరిచే ఉంచండి. మొదటి వాల్వు మోసం చేస్తే నీళ్ళు ఆ డ్రెయిన్‌లో కనబడతాయి, మనిషి మీద పడవు. పంపులకు కూడా తాళం వేయండి. మీ తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. పక్కవాడు అలిగినా ఫరవాలేదు. ఆ రోజు నా తాళంచెవి నా జేబులోనే ఉండి ఉంటే, నా తాళం పిడికి వేలాడుతూనే ఉండేది. పోశెట్టి వాల్వు తెరవలేదని అదే చెప్పేది.

నిర్మల్ పోయినప్పుడు

రిటైరై వచ్చాక జగిత్యాలలో ఒక పెళ్ళిలో లచ్చయ్య కలిశాడు. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా మడవదు. నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"ఓదెలన్నా, గా రోజు పోశెట్టి తాగి ఉన్నడా?"

"ఎవరన్నరు?"

"వాళ్ళింట్లనే గట్ల అనుకుంటున్రు. తాగకపోతే పని నడుస్తున్న లైను ఎవడు ఇప్పుతడు అంటున్రు. మన దిక్కు ఏ కాంట్రాక్టరు గూడ మళ్ళ తీస్కపోలే. ఆయన భార్య గీ రోజుకు గూడ అనుమానంగనే చూస్తదట."

విచారణలో తాగుడు అన్న మాటే లేదు. నేను వదిలిన అబద్ధం ఊరికి వచ్చేసరికి ఇంకో అబద్ధాన్ని కన్నది.

వారం తిరక్కముందే నిర్మల్ బస్సెక్కాను. పోశెట్టి ఊరి మొదట్లో చిన్న రేకుల షెడ్డులో బోరు మోటార్లు రిపేరు చేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, స్టూలు వేశాడు. అన్నీ చెప్పాను. తెగిన పిన్నులు, పాత ఇనుములో పడేసింది, అన్నీ.

"నాకు గప్పుడే ఎరుకనే అన్నా" అన్నాడు. "పిడి బందున్నది, నీళ్ళొస్తున్నయి. లోపలనే ఏదో తెగింది అనుకున్న. ఓదెలన్న ఎట్లయినా ఇప్పి జూస్తడు, జూసినంక సాబుకు చెప్తడు, నన్ను మళ్ళ పిలుస్తరు అనుకున్న. అందుకే గుత్తి సంగతి ఎత్తలే. ఎత్తితే నువ్వు గూడ ఇంటికే అయితుంటివి, ఇంక ఇప్పి జూసేటోడెవడు?"

"నేను ఇప్పి చూసిన పోశెట్టి. చెప్పలే."

ఆయన ముందున్న మోటారును పక్కకు జరిపాడు. తర్వాత, "గీ మాట నాకు చెప్తే ఏం ఫాయిద. నాకు ఎరుకున్నదే. ఇంటికి రా, నర్సవ్వకు చెప్పు" అన్నాడు.

పోశెట్టి భార్య నర్సవ్వ అరుగు మీద చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనెవరో పోశెట్టి చెప్పాడు. ఆమె కూసోండ్రి అంది, చేతులు ఆపలేదు. నేను మొదటి నుంచి చెప్పాను. ఆ రోజు పోశెట్టి తాగలేదని, వాల్వు తెరవలేదని, తప్పంతా వాల్వుది, అబద్ధం నాదని చెప్పాను.

"తాగలేదని మీరు చూసిండ్రా సారూ?" అంది.

"చూసినమ్మా. పొద్దటి నుంచి మా దగ్గరనే ఉన్నడు."

"గప్పుడు గూడ చూసిన అనే చెప్పిండ్రట గదా."

ఆమె ఒక బీడీ చుట్టి దారం కట్టి పక్కన పెట్టింది.

"గప్పుడు నిజం చెప్తే మీ నౌకరి పోతుండె. గిప్పుడు మీకు పోయేదేమున్నది? ఊకె మనసుల బరువు దించుకుందామని వచ్చిండ్రేమో. మీరు పోయినంక మా తమ్ముడు అడుగుతడు, ఊరోళ్ళు అడుగుతరు. మా ఆయన ఎవర్నో దోస్తును పిలిపిచ్చి చెప్పిపిచ్చిండు అంటరు. నేను ఏం చూపియ్యాలె?"

పోశెట్టి గడపకు ఆనుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎట్లా ఉన్నాడో నాకు అప్పుడు తెలిసింది.

"కాగితం మీద రాసిస్తా అమ్మా" అన్నాను. "నా పేరుతో, నా అడ్రసుతో. ఒకటి మీకు, ఒకటి నజీర్ సాబ్‌కు. రేపు నేను పాఠం చెప్పే చోట కూడా చదువుతా."

ఆమె లోపలికి పోయి ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. రాశాను. తాళంచెవి గుత్తికి నేనే వేశానని, ఫోర్‌మన్‌గా ఆ గుత్తిని ఆపలేదని, వాల్వు లోపల పిన్నులు తెగి ఉండగా చూసి దాచానని రాశాను. చివర్లో, పోశెట్టి వాల్వు తెరవడం నేను చూడలేదు, చూశానని పొరపాటున చెప్పాను అని రాసి ఆమెకిచ్చాను.

నర్సవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని చదివింది. నిదానంగా, పెదాలు కదుపుతూ చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆపింది.

"పొరపాటున చెప్పిండ్రా సారూ, ఎరుక ఉండే చెప్పిండ్రా?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. 'పొరపాటున' అన్న మాటను కొట్టేసి, దాని పైన 'తెలిసే' అని రాశాను. సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాను.